రెడీ కేసు

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఫోన్ చూస్తే, మా కాలేజీ ఫీల్డ్‌వర్క్ గ్రూపులో జూనియర్ ఒకడు పెట్టిన మెసేజ్ కనపడింది: "అన్నలూ, అక్కలూ, మన అమీర్‌పేట కేసు నిన్న చనిపోయిందంట. ఇప్పుడు ఎవర్ని చెయ్యాలె?"

దాని కింద నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకమ్మాయి ఏడుపు బొమ్మ పెట్టి, ఆ వెంటనే, "ఎవరికైనా వేరే క్లయింట్ తెలిస్తే ప్లీజ్ చెప్పండి, నాకు ఇంకా ఆరు సిట్టింగులు మిగిలి ఉన్నాయి" అని రాసింది. కాసేపటికి మా సార్ కూడా వచ్చాడు. "చాలా బాధాకరం. ఆవిడ ఆత్మకు శాంతి కలగాలి. బుధవారంలోగా అందరూ కొత్త క్లయింటును ఎంచుకోగలరు."

సంతాప సభలు చాలా చూశాను గానీ, ఇంత నిజాయితీగా జరిగింది చూడలేదు. నా చదువు అయిపోయి రెండేళ్ళయింది. నన్ను గ్రూపులోంచి ఎవరూ తీసెయ్యలేదు, నేనూ దిగిపోలేదు. నోట్లో నురగతో అలాగే నిలబడి, ఆమెకు నేను పెట్టిన పేరేమిటో గుర్తు తెచ్చుకుందామని చూశాను. అసలు పేరు కాదు. అసలు పేరు రాయకూడదని మాకు మొదటి వారంలోనే నేర్పారు. ఇక్కడా రాయను. మూడేళ్ళ చదువులో నాకు పూర్తిగా వంటబట్టింది అదొక్కటే.

నేను చదివింది సోషల్ వర్క్ డిగ్రీ. చేరేటప్పుడు మా మేనమామ, "సేవ చేసేటోడు ఊకెనే చేస్తడు గదరా, దానికి మూడేండ్ల చదువెందుకు?" అన్నాడు. మూడేళ్ళూ చూశాను, ఆ ప్రశ్న సిలబస్‌లో రాలేదు. వారంలో నాలుగు రోజులు క్లాసులు. బుధ, శనివారాలు ఫీల్డ్‌వర్క్. రెండో సంవత్సరంలో ఒక్కొక్కరం ఒక మనిషిని పట్టుకోవాలి. ఆ మనిషికి కష్టం ఉండాలి. పది సిట్టింగులు కూర్చుని ఆ కష్టం వినాలి, విన్నదంతా రికార్డులో రాయాలి, రాసిందాని మీద సార్ సంతకం పెట్టాలి. దాన్నే కేసు అంటారు.

అమీర్‌పేటలో కష్టంలో ఉన్నవాళ్ళకు కొదవలేదు. పది వారాలు ఒకేచోట కూర్చుని చెప్పుకునే తీరిక ఉన్నవాళ్ళకే కొదవ. సగం జనం కోర్సు నేర్చుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరికితే ఒకవైపు, దొరక్కపోతే ఇంకోవైపు వెళ్ళిపోతారు. మూడో సిట్టింగుకు కేసు ఖాళీ చేసి పోతే మన గతేంటి? అందుకే సీనియర్లు ఆమెను మాకు జాగ్రత్తగా అప్పజెప్పేవారు, హాస్టల్ రూములో మంచం అప్పజెప్పినట్టు.

"ఆమె అయితే ఫికర్ లేదురా," అన్నాడు నా సీనియర్. "రెడీ కేసు. టైముకు ఉంటది. పది సిట్టింగులు గ్యారంటీ. ఏడుపు సుత వస్తది."

మొదటి బుధవారం నేనూ రూత్ కలిసి వెళ్ళాం. రూత్ నా క్లాస్‌మేట్, వాళ్ళ ఇల్లు యూసుఫ్‌గూడలో మాకు రెండు వీధుల అవతల. ఆ పిల్ల కేసు వేరే సందులో ఉంది, మొదటి రోజు కదా అని తోడొచ్చింది. లోకంలో ఎవరు బాధపడినా రూత్‌కు కళ్ళల్లో నీళ్ళొస్తాయి, అదే అర్హత అనుకుని ఈ డిగ్రీలో చేరింది. నాకు ఇంటర్‌లో మార్కులు రాలేదు. అదీ అర్హతే.

ఆమెది ఇస్త్రీ బండి. ఒక ఆడపిల్లల హాస్టలుకూ ఒక కోచింగ్ సెంటరుకూ మధ్యనున్న గోడ పక్కన, పైన రేకు, కింద ఇటుకలు. యాభై అయిదుంటాయో, అరవై అయిదుంటాయో తెలియని మనిషి. చొక్కా మీదికి ఎంత వంగి ఉందంటే, ఇస్త్రీపెట్టెతో చేస్తోందో ముక్కుతో చేస్తోందో దూరం నుంచి అర్థం కాలేదు.

"నమస్తే అమ్మా, మేము..."

"ఎన్నో సంవత్సరం?" అంది, తలెత్తకుండా.

"సెకండియర్."

"మీ ఇద్దరిల కేసు ఎవరిది?"

"నాదే."

"మొగపిలగానివా?" నిరాశను దాచుకునే ప్రయత్నమేమీ చెయ్యలేదు. "మీరు సక్కగ రాయరు. సరే, బుక్కు తియ్. మొదటి వారం ఊకె కూసోని మంచిచెడ్డ అడుగుతవ్. రెండో వారం ఇల్లు చూస్తనంటవ్. మూడో వారం నా మొగని ముచ్చట. నాలుగో వారం ఏడుపు. నీకు తొందరుంటే ఇయ్యాల్నే ఏడుస్త, నాలుగో వారంల రాస్కో."

పక్కన రూత్ ముక్కు చీదింది. ఆమె ఆ చప్పుడు వైపు తిరిగింది.

"గీ పిల్లెవరు, నాకంటె ముందుగాల్నే మొదలువెట్టింది?"

క్లయింట్ నమ్మకం సంపాదించడానికి కనీసం మూడు వారాలు పడుతుందని క్లాసులో చెప్పారు. ఆమె మా నమ్మకాన్ని మూడు నిమిషాల్లో సంపాదించింది.

బొగ్గుల పెట్టె వేడెక్కిందా లేదా అని అందరూ వేలు తడిపి చూస్తారు. ఆమె పెట్టెను చెంప దగ్గరికి తెచ్చుకునేది, ఫోన్ మాట్లాడుతున్నట్టు. ఏ మూట ఎవరిదో దారానికి వేసిన ముడుల్ని బట్టి గుర్తుపట్టేది. మూడో నంబరు రూమయితే మూడు ముడులు, ఆరయితే ఆరు. తొమ్మిది దాటిన రూముల వాళ్ళను కొత్తగా ఒప్పుకునేది కాదు. "పదకొండు ముడులు ఎవడేస్తడు, నీ చొక్కాకు నేనేమన్న జడ అల్లాల్నా?" అని మొహం మీదే చెప్పేది.

చొక్కాలు పట్టుకుని జాతకాలు చెప్పేది. తెల్ల చొక్కా వారానికొకసారి వస్తే ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాడు. అదే చొక్కా వారంలో మూడుసార్లు వస్తే ఉద్యోగం ఇంకా రాలేదు. అసలు రాకపోతే ఊరికి వెళ్ళిపోయాడు. ఇదంతా ఎవరి వెనకాలో చెప్పేది కాదు, వాళ్ళ ఎదురుగానే చెప్పేది. ఒకసారి ఒక కుర్రాడు, కోస్తా వాడు, చాలా మర్యాదగా, "ఆంటీ, రేపు ఇంటర్వ్యూ ఉందండీ, కొంచెం బాగా చెయ్యరా?" అని అడిగాడు.

"చొక్కా మంచిగనే చేస్త బిడ్డా," అంది. "లోపటున్నోని సంగతి నాకెరుక లేదు."

వాడు నా వైపు చూశాడు, నేనేదైనా ఓదార్పు చెబుతానేమో అని. నేను రాసుకుంటున్నాను.

ఆమెకు ఊతపదం ఒకటుండేది: "రాస్కో." కష్టం చెబుతూ చెబుతూ మధ్యలో పెట్టె ఎత్తి పట్టుకుని, "గీ ముక్క రాస్కో, మీ సారుకు నచ్చుతది" అనేది. మా సార్‌ను ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. కానీ ఏటేటా వచ్చే పిల్లలు చెప్పగా విని, ఆయన రుచి ఆమెకు నాకంటే బాగా తెలుసు. మా సార్ మృదువైన మనిషి, ఎవర్నీ 'అండీ' లేకుండా పిలవడు, ప్రతి రికార్డులోనూ ఎర్ర పెన్నుతో ఒకటే రాస్తాడు: "మీ ఫీలింగ్స్ ఎక్కడండీ?" నా మొదటి మూడు రికార్డుల్లోనూ అదే ప్రశ్న. అవెక్కడున్నాయో నాకు మాత్రం ఏం తెలుసు.

నాలుగో వారం, మాట ఇచ్చినట్టే ఏడ్చింది. భర్త గురించి చెబుతూ గొంతు ఆగింది, కళ్ళు నిండాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను క్లాసులో నేర్పినట్టు మౌనంగా ఉన్నాను. ఒక నిమిషం గడిచాక కొంగు తీసి, "ఐందా? ఇంకా ఉండాల్నా? బొగ్గులు ఆరిపోతున్నయ్" అంది. ఆ రోజు రికార్డులో, "క్లయింటు కన్నీటిని చూసి నాలో ఏదో కదిలింది" అని రాశాను. సార్ పక్కన టిక్కు పెట్టి, కింద "శభాష్ అండీ" అని రాశాడు.

ఐదో వారం తర్వాత, నమూనా కోసం డిపార్ట్‌మెంట్ బీరువాలో పాత రికార్డులు వెతికాను. ఆమెవి ఏడు ఫైళ్ళు దొరికాయి. ఏడుగురు సీనియర్లు, ఏడు సంవత్సరాలు, ఒకే మనిషి. ఐదింట్లో ఆమె పేరు లక్ష్మి అని మార్చారు, రెండింట్లో సీత. మా కోర్సులో ఊహాశక్తి అంతవరకే. కూర్చుని ఏడూ చదివాను. ఏ సినిమా హాల్లోనూ ఇంత నవ్వలేదు. ఒక ఫైల్లో భర్త తాగి పోయాడు. ఒకదాంట్లో దుబాయ్ వెళ్ళి ఉత్తరం కూడా రాయలేదు. ఒకదాంట్లో లారీ డ్రైవరు, ఒకదాంట్లో దేవుడిలాంటి మనిషి, ఒకదాంట్లో మాసబ్ ట్యాంక్‌లో ఏదో ఆఫీసు ముందు చెప్పులు కుట్టేవాడు. ఒకదాంట్లో అసలు పెళ్ళే కాలేదు. ఏడో ఫైల్లో, మా సీనియర్ నిజాయితీపరుడు, "భర్త వివరాలు స్పష్టంగా లేవు" అని రాశాడు.

రూత్‌ను కూడా పిలిచి చూపించాను. ఆ పిల్ల నవ్వలేదు. ఒక్కొక్క ఫైలు చివరి పేజీ తిప్పుతూ పోయి, "ఇది చదివినవా?" అంది.

చివరి పేజీలో 'ఫలితం' అని ఒక గడి ఉంటుంది. ఏడింట్లోనూ ఒకటే వాక్యం, చేతిరాత మాత్రం వేరు: "క్లయింటు కంటిచూపు మందగించినది. కంటి ఆసుపత్రికి వెళ్ళమని సూచించడమైనది."

మొగుళ్ళు ఏడు రకాలు. కళ్ళు మాత్రం ఏడు ఫైళ్ళలోనూ అవే.

శనివారం వెళ్ళి అడిగాను. "పెద్దమ్మా, అసలు నీ మొగుడెవరు?"

"ఏది చెప్తే నీ పేజీ నిండుతది?"

"మరి కండ్ల సంగతి?"

పెట్టె ఆగింది. ఆమె పెట్టెను చొక్కా మీదే మరిచిపోతుందేమో అని నాకు భయమేసింది, కానీ మరవలేదు, తీసి స్టాండు మీద పెట్టింది.

"అదొక్కటే అందరు రాస్కున్నరు," అంది. "ఆసుపత్రికి నేను ఎప్పుడో వోయిన బిడ్డా. దారి నాకెరుకనే. శుక్లాలు, తీసేస్తం అన్నరు, పైస సుత వద్దన్నరు. ఒక మనిషిని తోడు తెచ్చుకో అన్నరు. పొద్దుగాల వచ్చి సంతకం పెట్టాలె, పొద్దుమూకేదాక ఉండాలె, పట్టుకోని ఇంటికి తీస్కపోవాలె. ఒక్కరోజు. నాకెవరున్నరు? పోయినేడు పిల్లకు చెప్పిన. అంతకు ముందటేడు పిలగానికి చెప్పిన. వస్తమనే అన్నరు. మంచిగ రాస్కోని పోయిండ్రు."

అప్పటికే ఆమె పని ఎలా ఉందో నేను చూస్తూనే ఉన్నాను. సందు మొదట్లో ఒకాయన గ్యాస్ ఇస్త్రీ బండి పెట్టాడు. ఆ నెలలో ఆమె రెండు చొక్కాలు కాల్చింది. ముడుల్లో ఒకటి తక్కువ లెక్కపెట్టి ఐదో రూము పిల్ల చుడీదార్లు నాలుగో రూముకు పంపింది. ఆడపిల్లల హాస్టలు వార్డెన్ వచ్చి, ఇంకొక్కసారి ఇలా జరిగితే మొత్తం బట్టలు గ్యాస్ బండికే అని చెప్పి పోయింది. కళ్ళు పోతే బండి పోతుంది. బండి పోతే ఆమెకు ఇంకేమీ లేదు. దీన్ని అర్థం చేసుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు; బహుశా అందుకే మాకు ఏడేళ్ళు పట్టింది.

"నేనొస్త పెద్దమ్మా," అన్నాను.

"ఊఁ," అంది. "రాస్కో."

నాలో మానవత్వం మేలుకొందని ఇక్కడ రాస్తే బాగుంటుంది. మేలుకొన్నది వేరే. 'ఫలితం' గడిలో నిజంగా ఫలితం చూపించినవాళ్ళకు ఎక్కువ మార్కులు వేస్తానని సార్ ఆ వారమే చెప్పాడు.

ఎనిమిదో సిట్టింగు ఆసుపత్రిలోనే చేశాం. పంజాగుట్ట చౌరస్తా దాటాక లోపలి సందులో ఒక ధర్మ కంటి ఆసుపత్రి ఉండేది. ఆటోలో ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఎర్రగున్నదా?" అని అడిగింది. ఎర్రగానే ఉందన్నాను. "నాకు గట్లనే బూడిద లెక్క కొడుతది," అంది. డాక్టరమ్మ లైటు వేసి చూసి, రెండు కళ్ళూ ముదిరాయని, కుడి కన్ను మరీ ముదిరిందని, అది ఆలస్యం చేస్తే ప్రమాదమని చెప్పింది. రెండు వారాల తర్వాత గురువారానికి తారీఖు ఇచ్చారు. పొద్దున ఎనిమిదికల్లా తలస్నానం చేసి రావాలి. తోడు లేకుండా వస్తే ఆపరేషన్ చెయ్యరు, వెనక్కి పంపుతారు. "తోడెవరు?" అని కౌంటర్‌లో అడిగితే, "నేనే" అని గట్టిగా చెప్పాను. వెనక లైన్లో నిలబడ్డవాళ్ళు కూడా విన్నారు. ఆమె డబ్బా ఫోన్లో రెండో నంబరు బటన్ నొక్కి పట్టుకుంటే నాకు ఫోన్ వచ్చేలా పెట్టి, వేలితో తడిమి చూపించాను.

పదో సిట్టింగు పేరు టర్మినేషన్. ముగింపు అన్నమాట. చేసినదంతా క్లయింట్‌కు గుర్తుచేసి, ధన్యవాదాలు చెప్పి, లేచి వచ్చెయ్యాలి. ఆ తర్వాత క్లయింటును కలవకూడదు, ఫోన్ చెయ్యకూడదు. "లేకపోతే ఎమోషనల్‌గా ఇరుక్కుపోతారండీ, అది ప్రొఫెషనల్ కాదు," అని సార్ పదిసార్లు చెప్పాడు. నెలాఖరుకు రికార్డులు ఇచ్చెయ్యాలి కాబట్టి, ఆపరేషన్‌కు ముందు శనివారమే నేను ముగించాను. మనిషికి చికిత్స ఇంకా మొదలవకముందే మేము కేసు మూసేస్తాం. వేరే ఎవరూ ఈ పొరపాటు చెయ్యరు, వాళ్ళకు అకడమిక్ క్యాలెండర్ ఉండదు.

"ఐపోయిందా? ఇగ రావా?" అంది.

"గురువారం వస్త గద."

"అది రాసుడుల ఉంటదా?"

"ఉండదు."

"మరెందుకొస్తవ్?"

ఇరుకున పడ్డప్పుడల్లా చేసే పనే చేశాను, జోకేశాను. "ఆసుపత్రిల ఏసీ ఉంటది పెద్దమ్మా. కూసోనీకి." ఆమె నవ్వలేదు. పెట్టెను చెంప దగ్గరికి తెచ్చుకుని వేడి చూసుకుంది.

సోమవారం నోటీసు బోర్డు మీద వైవా తారీఖు పెట్టారు. గురువారం, తొమ్మిది గంటలు.

సార్‌కు చెప్పొచ్చు. చెబితే, ముగిసిన క్లయింటును ఎందుకు కలుస్తున్నావని అడుగుతాడు, మార్కులు పోతాయి. రూత్‌ను పంపొచ్చు. రూత్‌కూ అదే వైవా. నేను లెక్కవేసుకున్నాను: వైవాలో నాది మూడో పేరు, తొమ్మిదిన్నరకు అయిపోతుంది, పదికి పంజాగుట్టలో ఉంటాను, ఆసుపత్రిలో ఎనిమిది అంటే ఎలాగూ పదకొండు. గవర్నమెంటు ఆఫీసుకు పోయేవాడికి ఉండాల్సిన ధీమా అది.

ఎగ్జామినర్ మేడమ్ వేరే యూనివర్సిటీ నుంచి పదింపావుకు వచ్చింది. టిఫిన్ చేసింది. పేర్లు వెనక నుంచి పిలుద్దామంది. మమ్మల్ని మాత్రం పొద్దున ఎనిమిదికే రమ్మని, ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టించి వరండాలో సంచుల్లో వదిలించారు. నన్ను పిలిచేసరికి పన్నెండు.

"ఈ కేసులో మీరు సాధించిన ఫలితం ఏమిటి?" అంది మేడమ్.

చెప్పాను. ఏడు ఫైళ్ళ సంగతి, ఏడేళ్ళుగా ఎవరూ తోడు రాని సంగతి, తారీఖు సంగతి. బాగా చెప్పాను. మధ్యలో ఎక్కడ ఆగాలో పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాను కదా, అక్కడ ఆగాను.

"మరి మీ క్లయింట్ ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?"

"ఈపాటికి ఆపరేషన్ థియేటర్‌లో ఉంటారు మేడమ్."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. సార్ నా వైపు గర్వంగా చూశాడు. నా ఫీలింగ్స్ ఎక్కడున్నాయో ఆయనకు చివరికి దొరికాయి.

బయటికొచ్చి ఫోన్ తీస్తే ఆరు మిస్‌డ్ కాల్స్. మొదటిది ఎనిమిదీ ఐదుకు. చివరిది పదకొండున్నరకు. పేరు దగ్గర 'క్లయింట్' అని ఉంది. తిరిగి చేశాను. వెనకాల హారన్లు.

"పెద్దమ్మా, ఎక్కడున్నవ్?"

"బండి కాడ. గిరాకీ ఉంది. పెట్టెయ్."

ఆ సాయంత్రమే వెళ్ళొచ్చు. అమీర్‌పేట మా కాలేజీ నుంచి రెండు మెట్రో స్టేషన్లు. వెళ్ళలేదు. కేసు ముగిసింది, కలవకూడదు అనే రూలు అంతవరకూ నాకెప్పుడూ అంత పవిత్రంగా కనపడలేదు. సెమిస్టర్ పరీక్షలొచ్చాయి, సెలవులొచ్చాయి, మార్కులొచ్చాయి. రూత్ రెండుసార్లు అడిగింది, "పోయినవా?" అని. "పోతున్న" అన్నాను. మూడోసారి అడగడం మానేసి, ప్రార్థన చేస్తున్నానంది. పెద్దమ్మ కోసమో నా కోసమో నేను అడగలేదు.

నెల దాటాక, అరడజను అరటిపళ్ళు కొనుక్కుని వెళ్ళాను. సోషల్ వర్క్ చదివినవాడు చేసిన పాపానికి పరిహారం ఎంత ఉంటుందంటే, అరడజను. ఆమె చొక్కా చేస్తోంది. కుడి కన్ను ఎర్రగా ఉబ్బి, సగం మూసుకుపోయి ఉంది.

"పెద్దమ్మా."

"ఓ. ఏసీల కూసునే సారు." గొంతు గుర్తుపట్టింది. "ఆ దినం నేను తలంటు పోసుకున్న. నా చీర నేనే ఇస్త్రీ చేస్కున్న. గిన్నేండ్ల సంది ఊరందరి బట్టలు చేస్తి గని, నాయి ఎన్నడు చేస్కోలె. కూసోని కూసోని నలిగింది. తోడు రాలేదని మళ్ళ తారీఖు ఇచ్చిండ్రు, మూడు వారాలకు."

"మరి..."

"రెండు వారాలకే కన్ను పట్టుకుంది. తలకాయ పగిలినట్టు నొప్పి, వాంతులు. బొగ్గుల పొగ అనుకున్న. నాలుగు దినాలు ఆగి పోతే, శుక్లం ముదిరి లోపట ఒత్తిడి ఎక్కువైందన్నరు, నరం సచ్చిందన్నరు. ఇప్పుడు తీసినా చూపు రాదంట." చొక్కా తిప్పి వేసింది. "నీకు మార్కులెన్నొచ్చినయ్?"

"తొంభై రెండు."

"నూటికా?"

"నూటికే."

"మరి ఎనిమిది ఏడ వోయినయ్?"

"ఫాలో అప్ సరిగ్గ లేదని కొట్టేసిండ్రు."

"అంటే ఏంది?"

"అంటే... అయిపోయినంక మళ్ళ వచ్చి ఎట్లున్నరని చూసుడు."

ఆమె ఒక చేతి మడత పూర్తి చేసి, రెండో చెయ్యి తీసుకుంది. "సరిగ్గనే కొట్టిండ్రు," అంది.

నాకు నవ్వొచ్చింది. దాని మీద నాకు అధికారం లేదు, చావింట్లో కూడా వస్తుంది.

"నవ్వకు," అంది. "కనవడదు గని, ఇనవడతది."

అరటిపళ్ళు బండి అంచున పెట్టాను. ఎడమ కంటి సంగతి అడిగాను. వచ్చే సోమవారం తారీఖు ఉందట. నేనొస్తానన్నాను. ఒట్టు పెట్టాను. ముందురోజు సాయంత్రమే వచ్చి ఈ గోడ పక్కనే పడుకుంటానన్నాను.

"వద్దు బిడ్డా. హాస్టల్ల వంటామె వస్తనన్నది. ఆమెకు సంతకం రాదు, ఏలిముద్ర చాలంట." పెట్టె మూత తీసి బూడిద ఊదింది, అది నా మీదికే వచ్చింది. "రాసుడు రానోళ్ళే నయం."

సోమవారం నేను ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. ఎనిమిది కాకముందే ఇద్దరాడవాళ్ళు ఆటో దిగారు, ఒకామె ఇంకొకామె మోచెయ్యి పట్టుకుంది. టీ కొట్టు దగ్గర నిలబడి చూశాను. సాయంత్రం అయిదింటికి, కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని, అదే మోచెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. నేను చేసిన మొత్తం ఫీల్డ్‌వర్క్‌లో సార్ సంతకం లేనిది అదొక్కరోజే.

ఇంకో రెండు నెలలాగి ఒక మధ్యాహ్నం బండి దగ్గరికి వెళ్ళాను. ఆమె నిటారుగా నిలబడి ఉంది. అంతవరకూ ఆమె అంత ఎత్తు ఉంటుందని నాకు తెలియదు. ఎదురుగా పోతున్న కుర్రాణ్ణి పిలిచి, "ఓ పిలగా, రెండో గుండీ ఊడుతుంది చూస్కో" అంటోంది. పదడుగుల దూరం నుంచి, ఒక్క కంటితో.

నన్ను చూసి, "ఎన్ని జతలు?" అంది.

"పెద్దమ్మా, నేను."

గొంతు విన్నాక పెట్టెను స్టాండు మీద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి పైకి చూసుకుంటూ వచ్చింది, ముఖం దగ్గరికొచ్చి ఆగింది. నా జీవితంలో నన్నెవరూ అంత తీరిగ్గా చూడలేదు.

"నువ్వా," అంది. "మాటలింటే ఇంకా పొడుగుంటవనుకున్న."

నాకు ఒక్క జోకూ తట్టలేదు.

"గీ అంగీ ఎవరు చేసిండ్రు?"

"ఇంట్ల, అమ్మ."

"చేతులు ముడతలున్నయ్. ఇడువు."

"ఇక్కడనా?"

"ఇడువు."

విప్పి ఇచ్చాను. నడి అమీర్‌పేటలో, పట్టపగలు, బొక్కపడ్డ బనియన్‌తో నిలబడ్డాను. క్లాసు వదిలారు; హాస్టల్ ఆడపిల్లలు గుంపుగా వస్తూ నన్నూ నా బొక్కనూ చూసి నోళ్ళకు పుస్తకాలు అడ్డం పెట్టుకున్నారు. ఆమె నా చొక్కాను వెలుతురుకు ఎత్తిపట్టి ఆ పక్కా ఈ పక్కా చూసింది. తర్వాత దాన్ని మడిచి, పక్కనున్న మూటలన్నిటికీ కింద పెట్టింది. పైన మూట తీసి, దారం విప్పి, అందులో మొదటి చుడీదార్ బల్ల మీద పరిచింది.

"ఎంతసేపైతది పెద్దమ్మా?"

"కూసో," అంది.

ఇటుకల మీద కూర్చున్నాను. మూటలు పద్నాలుగు ఉన్నాయి. ఒక్కొక్కటీ కాలర్ దగ్గర్నుంచి చివరి మడత దాకా, ఏమీ తొందర లేకుండా, చాలా బాగా చేసింది.